సీసాలోని ఆర్కిడ్ మొక్కయు, రైతుమీది నష్టమును

ఆర్కిడ్ పూలసాగు లాభకరమనియు, ప్రయోగశాలలలో గాజుసీసాలయందు మొలిపించిన పిల్లమొక్కలు కావలసినన్ని దొరకుననియు మన సభ్యులు వినుచున్నారు. పెండ్లిపందిళ్ళకు ఈ పూవులు థాయిలాండునుండి సైతము వచ్చుచుండగా మనమేల పెంచరాదని కొందరి ప్రశ్న. ప్రశ్న సమంజసమే. కాని ఆ మొక్క యెట్లు పుట్టుచున్నదో, అది చచ్చినయెడల నష్టమెవరిదో తేలక మునుపు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల సభ్యులెవ్వరును ఏ ఒప్పందముపైనను చేవ్రాలు చేయరాదని మా యభిప్రాయము.

ఆర్కిడ్ మనకు బొత్తిగా పరాయిది కాదు. నల్లమల యడవిలో చెట్ల బెరడును కరచిపట్టుకొని, వ్రేళ్ళను గాలిలోనికి విడిచి పెరుగు వాండా ఈ కుటుంబములోనిదే. దీనినిగూడ జనులు బదనిక యందురు. మామిడికొమ్మల రసమును పీల్చు బదనిక వేరు. ఇది చెట్టు నాశ్రయించునేగాని దాని రసము త్రాగదు.

దీని కాయలో విత్తులు దుమ్మువలె లక్షలకొలది యుండును. అయినను జొన్నగింజలోనుండు పిండివంటి ఆహారము వీనిలో లేదు. ఒకవిధమగు బూజు చేరి ఆహారమందించిననే అడవిలో మొలకెత్తును. లక్షలలో ఏ కొన్నియో బ్రదుకును. ఈ బూజు సంగతిని 1899లో ఫ్రాన్సుదేశీయుడు నోయెల్ బెర్నార్డు కనిపెట్టెను. 1922లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన లూయిస్ నడ్సన్, చక్కెరయు లవణములును చేర్చిన అగరు జిగురుపై, బూజుతో పనిలేకయే విత్తులను మొలిపించి చూపెను. 1960లో ఫ్రాన్సులోనే జార్జి మొరెల్ చిగురుకొననుండి వైరస్ లేని సింబిడియమ్ మొక్కలను పొందు మార్గమును ప్రకటించెను. నేడు టిష్యూకల్చరు అని మనము పిలుచుకొను కణజాల వర్ధనము వ్యాపారముగా విస్తరించుటకు ఈ పూలమొక్కయే చాలవరకు దారితీసినది.

అయితే అన్ని ఆర్కిడ్లకును ఒకే ఉపాయము చెల్లదు. డెండ్రోబియమునకు పిలకలు వచ్చును గనుక ఒక చిగురు తీసినను మొక్క నిలుచును. వాండాకు సాధారణముగా ఎదుగు కొన ఒక్కటే. దానిని కోసినచో తల్లిమొక్కకే ముప్పు. అందుచే విత్తుమార్గమే దానికి క్షేమకరము. చిగురునుండి పెంచిన మొక్కలన్నియు తల్లిపోలికనే యుండును. ఇది గుణమే, కాని తల్లికి వైరస్ తెగులున్నచో వేల పిల్లలకును అది సంక్రమింపవచ్చును. భారతప్రభుత్వ జీవసాంకేతిక శాఖ 2006లో ఇట్టి మొక్కలకు ధ్రువీకరణ పద్ధతి నేర్పరచినది. ఆ గుర్తింపు లేని ప్రయోగశాల మొక్కను ఎంత చౌకయైనను కొనరాదు.

సీసాలోని పని రైతుది కాదు. అది 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధిచేసిన పాత్రలతో, ఇరువదియైదు డిగ్రీల గదిలో జరుగవలసినది. ఒక్క బూజురేణువు చేరినను సీసా అంతయు చెడును. రైతుపాలికి వచ్చునది తరువాతి దశ, కష్టమంతయు అచ్చటనే గలదు. సీసాలో తేమకు మరిగిన పిల్లమొక్క ఆకుపై మైనపుపొర పలుచన. బయటికి తీసినంతనే వాడును. జిగురును కడిగి, బొగ్గుముక్కలపైనను కొబ్బరిపీచుపైనను నిలిపి, నీడవలక్రింద వారముల తరబడి మెల్లమెల్లగా గాలికి అలవాటు చేయవలెను. నలువది డిగ్రీలు దాటు మన వైశాఖపుటెండయు, ఉప్పుదేలిన బోరునీరును దీనికి గిట్టవు. వాననీరు తొట్లలో నిలువచేసికొననివాడు ఈ పనికి దిగరాదు. పూవు పూయుటకు రెండు మూడేండ్లు పట్టుట సాధారణము. అప్పు వాయిదా అంతవరకు ఆగునా?

ఈ చిక్కు నడిగడ్డ రైతునకు క్రొత్తగాదు. గద్వాల ప్రాంతమున ప్రత్తి విత్తనోత్పత్తిలో తల్లివిత్తనము కంపెనీది. పూవు పూవునకు చేతితో సంపర్కము చేయు శ్రమ మన ఆడవారిది. గింజ పరీక్షలో నెగ్గకున్న నష్టము రైతుది. చేతి నేర్పున మనవారికి కొదువలేదు. కొదువంతయు ఒప్పందములోనే. ఆర్కిడ్‌కును అదే పత్రము తేదీ మార్చి తెత్తురేమో!

కావున సభ్యులు విడివిడిగా కొనుటకంటె, సంఘమే ఒక్క నీడపందిరి వేసి, కొలదిమొక్కలతో రెండేండ్లు చూచుట యుక్తము. సీసానుండి తీసిన తొంబది దినములకు బ్రదికియున్న మొక్కలను లెక్కించి, వానికి మాత్రమే వెల చెల్లించునట్లు వ్రాయించుకొనవలెను. అమ్మువాడు దీని కొప్పుకొననిచో, తన మొక్కపై తనకే నమ్మకము లేదన్నమాట. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యానకళాశాల యున్నది. పందిరి వేయుటకు ముందు అచ్చటి అధ్యాపకుల సలహా గైకొనవలెను. నల్లమల వాండాను చెట్లనుండి పెరికి తెచ్చుటకు మారుగా, అనుమతి పొంది తెచ్చిన ఒకటి రెండు కాయలనుండి మొలిపించు ప్రయత్నమునకును వారినే అర్థింపవచ్చును. పందిరికి స్థలము, వాననీటి తొట్టి, తొంబదిదినముల షరతు — ఈ మూడును రాబోవు సర్వసభ్యసమావేశపు చర్చలో చేర్పుడని కార్యదర్శిగారిని కోరుచున్నాము.