విప్పగలిగితేనే మంచం

జగిత్యాలలో కొత్త ఇల్లు కట్టినవాళ్లందరిదీ ఒకటే మాట: “వడ్ల పని అయిపోయిందన్నా. ఫోన్ల నొక్కితే మంచం ఇంటికొస్తది, నాలుగు స్క్రూలు తిప్పితే ఖతం.” ఇంటి వెనక రేకుల షెడ్డులో సెలవునాడు ఉలి పట్టుకునే నాలాంటివాణ్ణి చూసి జాలిపడేవాళ్లూ ఉన్నారు.

పట్టె కొసను సన్నగా చెక్కిన కుసిని, తొలిచిన బెజ్జంలో దూర్చే అతుకు అన్నిటికన్నా బలమైనదని నేను వాదించను. మంచి జిగురు పట్టిన అతుకూ గట్టిదే. మేకు వాడకపోవడమే ఘనతగా చెప్పుకునేవాళ్లతో నాకూ పేచీ ఉంది. కుసి గొప్పతనం వేరు. అవసరమైనప్పుడు అది ఊడి వస్తుంది.

నులక మంచం చూడండి. ఒక్కో కోడుకు రెండు బెజ్జాలు, వాటిలో దూరే రెండు పట్టెలు. నులక బిగిస్తే ఆ బిగువే కుసుల్ని లోపలికి లాగి పట్టుకుంటుంది. కోడు పుచ్చితే నులక విప్పి, కొత్త కోడు చెక్కి, మళ్లీ అల్లుకోవడమే. మిగతా మూడు కోళ్లకు ఏమీ కాదు.

పార్టికల్ బోర్డు అంటే చెక్క పొట్టును జిగురుతో ఒత్తిన పలక. తడి తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ తగ్గదు. ఇల్లు మారినప్పుడు స్క్రూ విప్పి అదే కంతలో బిగిస్తే పట్టు తప్పుతుంది. అప్పుడు అగ్గిపుల్ల విరిచి కంతలో కుక్కుతాం, అదీ మన ఆధునికత.

అసలు చెక్కనైనా కదలనివ్వాలి. నా మొదటి టీపాయ్ పలకను నాలుగు వైపులా జిగురుతో బిగించాను. 45 డిగ్రీలు దాటిన మే ఎండకు నడిమధ్యన టప్పున చీలింది. చెక్క పొడవులో దాదాపు కదలదు, అడ్డంలో కదులుతుంది. ఎండకు ముడుచుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. పాత తలుపుల్లో పలకలు చట్రపు గాడిలో వదులుగా ఎందుకు కూర్చుంటాయో ఆ చీలిక చూశాక గానీ నాకు తెలియలేదు.

ఇక చేతిపనికి పట్టే టైం సంగతి. కోరుట్ల చుట్టుపక్కల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో వీసా మీద ‘కార్పెంటర్’ అని ఉన్నవాళ్లున్నారు. అక్కడ చేసేది షట్టరింగ్: ప్లై కొట్టడం, కాంక్రీటు గట్టిపడగానే పీకడం. అలా పోయి తిరిగొచ్చిన ఒకాయన నా షెడ్డులో నిలబడి, “ఒక్క పీటకు రెండు ఐతారాలానే?” అన్నాడు. పీకడానికే కొట్టే పనిలో ఆయన లెక్క సరైనదే. మంచానికీ అదే లెక్క వేస్తేనే ఒప్పుకోను.

ఖర్చు ఎక్కువ అనేది సగం నిజం. టేకు సామాన్యుడికి అందదు. కానీ టేకే ఎందుకు? బండ్లకు, నాగళ్లకు తుమ్మ వాడిన ఊళ్లు ఇవి. ఒక రంపం, రెండు ఉలులు, చిత్రిక, చెక్క సుత్తి, మూలమట్టం ఉంటే చాలు. కుసి మందం పట్టె మందంలో మూడో వంతు అని గుర్తుంటే పీటతో మొదలుపెట్టవచ్చు.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో వడ్రంగాన్నీ చేర్చి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తానంది. ఉలికి సర్కారు పైసలిచ్చినా, దాంతో కొట్టిన బెజ్జాన్ని మనం చాదస్తం అంటుంటే, వడ్లాయన ఆ ఉలితో ప్లైవుడ్ అంచుల మీద ఎండిన జిగురు గీకుతూ కూర్చుంటాడు.