జీతమునకు లెక్క

కేంద్ర ప్రభుత్వము 2025 జనవరిలో ఎనిమిదవ వేతన సంఘమును ప్రకటించి, ఆ యేటి అక్టోబరులో దాని విచారణాంశములను ఆమోదించినది. జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయి అధ్యక్షత వహించిన ఈ సంఘము ఆలోచింపవలసిన విషయములలో ప్రైవేటు రంగమునందలి వేతనములు, అచ్చటి పని పరిస్థితులు కూడ ఒకటి. కేంద్రోద్యోగులకు జీతములు పెరిగినచో రాష్ట్రోద్యోగులు తమ వంతును కోరుట సహజము. కావున ఇది ఢిల్లీలోనే తేలిపోవు ప్రశ్న కాదు. నీటి తీరువా చెల్లించు కోనసీమ రైతునకును, ఇంటి పన్ను చెల్లించు రాజమహేంద్రవర పురవాసికిని ఇందులో వాటా గలదు.

సర్కారు ఉద్యోగికి జీతమెక్కువ, పని తక్కువ యనునది ఊరి రచ్చబండపై నిత్యము వినవచ్చు మాట. పెరుగుచున్న ధరలకు జీతము చాలదనునది ఉద్యోగ సంఘముల మాట. ఈ రెండు మాటలును సగము సత్యములేయని మా యభిప్రాయము. జీతమెంత యనునది రెండవ ప్రశ్న. ఆ జీతమునకు ఎవరు, ఎవరికి, ఏ లెక్క చెప్పుచున్నారనునది మొదటి ప్రశ్న. మొదటిదానిని విడిచి రెండవదానినే చర్చించుచుండుట చేతనే ఈ వివాదము ఏనాటికిని తెగకున్నది.

ఉద్యోగుల జీతములను గూర్చిన విచారము మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మంత్రి, పురోహిత, సేనాపతులకు 48,000 పణములును, అడుగుననున్న పనివానికి 60 పణములును విధించి, జీతములన్నియు రాజ్యాదాయమున నాల్గవ వంతును మించరాదని హద్దు గీచినది. 1930 మార్చి 2వ తేదీన గాంధీజీ లార్డ్ ఇర్విన్‌కు వ్రాసిన లేఖలో రాజప్రతినిధి జీతము నెలకు 21,000 రూపాయలనియు, భారతీయుని సగటు దినాదాయము రెండణాలకు లోపుననియు లెక్కగట్టి, ఈ దేశమును పాలించు పద్ధతియే ప్రపంచమున మిక్కిలి ఖరీదైనదని చాటెను. మరుసటి యేడు కరాచీ కాంగ్రెసు ఏ ఉద్యోగియు సామాన్యముగా నెలకు 500 రూపాయలకు మించి పుచ్చుకొనరాదని తీర్మానించినది. స్వరాజ్యమనగా దొరలు మారుట మాత్రమే కాదనియు, దొరతనపు ఖర్చు ప్రజల తాహతునకు దిగి రావలెననియు ఆ తీర్మానము యొక్క భావము.

ఆ భావము వ్యర్థముగా పోలేదు. 1947లో వరదాచారి సంఘము అట్టడుగు ఉద్యోగికి కరువు భత్యముతో కలిపి 55 రూపాయలును, పై ఉద్యోగికి 2,000 రూపాయలును సూచించినది. నాడు అంతరము ముప్పదియారు రెట్లు. 2016 నుండి అమలునకు వచ్చిన ఏడవ సంఘపు లెక్కలో కనీసము 18,000, గరిష్ఠము 2,50,000. నేడు అంతరము పదునాలుగు రెట్లు. క్రిందివాని కడుపు నింపుటయందు గణతంత్రము తన మాటను కొంత నిలబెట్టుకొన్నదనుట న్యాయము.

అయితే దీని ఫలితముగా మరియొక అంతరము ప్రబలినది. ఏడవ వేతన సంఘము అహమ్మదాబాదులోని మేనేజిమెంటు విద్యాసంస్థ చేత చేయించిన పరిశీలనలో, సర్కారు సహాయకునికి అన్నియు కలిపి 22,579 రూపాయలు ముట్టుచుండగా, అట్టి పనివానికే ప్రైవేటు సంస్థలలో 8,000 మొదలు 9,500 వరకే వచ్చుచున్నట్లు తేలినది. ఈ అంకెలను చూపి, సర్కారు జీతమును సగమునకు దించవలెనని వాదించువారున్నారు. వారిని మేమొక ప్రశ్న అడుగుదుము. 2015లో తొమ్మిది వేల రూపాయలతో రాజమహేంద్రవరములో నలుగురు మనుష్యుల కుటుంబము అద్దె యిచ్చి, అన్నము తిని, పిల్లలను చదివింపగలిగెడిదా? రెండింటిలో తప్పుడు అంకె ఏది? ప్రైవేటు పనివాని దుఃస్థితిని కొలబద్దగా గైకొని సర్కారు పనివానిని కొలుచుట న్యాయము కాదు. పై అంతస్తున కథ తలక్రిందులగును. శస్త్రవైద్యునకు ప్రైవేటు ఆసుపత్రి ఇచ్చునది సర్కారు ఇయ్యజాలదు. అందుచేతనే పెద్దాసుపత్రులలో నిపుణుల కుర్చీలు ఖాళీ పడుచుండుట.

జీతము తగ్గించినచో పాలన చౌక యగుననుకొనుట భ్రమ. కుంపిణీ తొలినాళ్లలో దాని నౌకరులకు జీతములు స్వల్పము, కానుకలు అపారము. కారన్‌వాలిసు వచ్చి కలెక్టరులకు నెలకు 1,500 రూపాయల జీతమేర్పరచినది ఆ దోపిడిని అరికట్టుటకే. మన గ్రామములయందు కరణము, మునసబులకు సర్కారు ఇచ్చినది నామమాత్రము. ఆ లోటును ఎవరు పూడ్చిరో ఆ కాలపు రైతుల కెరుకయే. అడంగలు నకలునకొక మామూలు, సరిహద్దు తగవునకొక మామూలు. 1984 జనవరిలో ఆ వంశపారంపర్య వ్యవస్థ రద్దయినది గాని మామూలు రద్దు కాలేదు. చాలని జీతమునకు మిగిలినది రైతు ఇంటినుండియే పోవును. దానికి రసీదు ఉండదు.

మరి జీతము పెరిగినచో లంచము తగ్గినదా? ఇచ్చట ఉద్యోగ సంఘములవారు మౌనము వహించుచున్నారు. 1874లో వీరేశలింగము పంతులుగారు స్థాపించిన వివేకవర్ధని ఆనాటి కచేరీలలోని లంచగొండితనమును బట్టబయలు చేసినది. నూటయేబది సంవత్సరములు గడచిన పిమ్మటను ఆ సంచికల విషయములు పాతబడలేదనుట మనకు గౌరవము కాదు.

జీతము ఎందుకు పుట్టినదో తెలిసికొన్నచో ఈ చిక్కు విడును. మీసేవ కేంద్రమును చూడుడు. 2011లో వెలసిన ఈ కేంద్రములను నడుపువారిలో ప్రైవేటువారే హెచ్చు. అర్జీకింతయని వారి ప్రతిఫలము. అర్జీ క్షణములో కచేరీకి చేరును, అచ్చట దినములు గడుపును. ఇది చూచినవారు ప్రైవేటువాడు చురుకైనవాడు, సర్కారువాడు సోమరియని తేల్చివేయుదురు. కాని అర్జీని పంపుట వేరు, అర్జీలోని సంగతి నిజమో కాదో తేల్చుట వేరు. ధ్రువపత్రమునకింతయని తాసీల్దారునకు ఇచ్చినచో ఆయన అబద్ధమునకును ముద్ర వేయును. ఎదుటనున్నవాని చేతికి లొంగకుండ నిజమును పలుకుటకై రాజ్యము అతనికి నెల జీతమిచ్చుచున్నది. అది స్వాతంత్ర్యమునకు చెల్లించు మూల్యము. ఆ స్వాతంత్ర్యమును ఆలస్యము చేయుటకును, బేరమాడుటకును వినియోగించుట ప్రజాద్రోహము.

లాభాపేక్షయే సామర్థ్యమునకు మూలమనువారికి మన ఆంధ్రదేశమే రెండు కాలువలను చూపగలదు. 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట సర్కారు జీతము పుచ్చుకొన్న ఇంజనీరులు కట్టినది. దాని చలువ వలన కరువు సీమ అన్నపూర్ణ యైనది. అదే కాటన్ దొర ఆలోచనలోనుండి పుట్టిన కర్నూలు కడప కాలువను మద్రాసు ఇరిగేషను కంపెనీ చేపట్టెను. కంపెనీ మూలధనముపై సర్కారు నూటికి ఐదు వంతున వడ్డీ పూచీపడెను. లాభము రాకున్నను వడ్డీ వచ్చుచుండుటచే పొదుపు చేయవలసిన అగత్యము కంపెనీకి లేకపోయినది. తుదకు 1882లో సర్కారే ఆ కాలువను కొని బరువు మోసినది. నష్టమునకు తాను బాధ్యుడు కానివాడు ప్రైవేటువాడైనను సోమరియే యగును. సామర్థ్యము జెండాను బట్టి రాదు, పూచీని బట్టి వచ్చును.

2022 జులైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామములు నీట మునిగినవి. ఏటిగట్లపై రాత్రింబవళ్లు కాపలా కాసి, ఇసుక బస్తాలు వేయించినవారు ఇంజనీరులు, గ్రామోద్యోగులు, పోలీసులు. గట్టు తెగకుండుటలో లాభమెంతయని లెక్కగట్టు వర్తకుడెవ్వడు? ఆ రాత్రుల నెరిగిన డెల్టావాసి ఉద్యోగి జాతినంతటిని నిందింపడు. ఆపదలో అంతటి కర్తవ్యదీక్ష చూపినవారు మామూలు దినములలో ఏల చూపరనియే అతని ప్రశ్న.

దీనికి కారణము మనుష్యులయందు కంటె ఏర్పాటునందు హెచ్చుగా నున్నది. 2019 అక్టోబరు 2వ తేదీన నాటి ముఖ్యమంత్రి తూర్పు గోదావరిలోని కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థను ప్రారంభించిరి. రాష్ట్రమంతట సుమారు 15 వేల సచివాలయములు, లక్షకు మించిన క్రొత్త కొలువులు. వానికై వచ్చిన దరఖాస్తులు 21 లక్షలకు పైబడినవి. సర్కారు కొలువుపై మన యువకులకుగల మోజునకును, ప్రైవేటు కొలువుపై వారికిగల అపనమ్మకమునకును ఇంతకన్న నిదర్శనమక్కరలేదు. అర్జీని 72 గంటలలో పరిష్కరింతుమని వాగ్దానము. ఊరికి కచేరీ దగ్గరయినది, అది మేలే. కాని ఊరి పెద్దది చిన్నది చూడక, పని యెంతయో లెక్కింపక, మనుష్యులను లెక్కించి కూర్చుండబెట్టిరి. జనాభాను బట్టి సిబ్బందిని సర్దుటకు 2025లో ప్రభుత్వము పూనుకొనవలసి వచ్చుట ఆ లోపమునకు ఒప్పుకోలు.

ఇంతలో కాలువ గట్టుపై ఏమి జరుగుచున్నది? తూములు, లాకులు చూచి, వంతులవారీ నీటిని శివారు భూములకు చేర్చవలసిన లస్కరు కనుపడుట అరుదైనది. మురుగు కాలువలలో గుర్రపు డెక్క పేరుకొనుచున్నది. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించి దేశమును విస్మయపరచిరి. 2022లో మరల ఆ మాట వినబడినది. గిట్టుబాటు ధరతోపాటు మురుగునీరు పారకపోవుటయు వారి మొరలలో నున్నది. పని ఉన్నచోట మనిషి లేడు, మనిషి ఉన్నచోట పని లేదు. ఇట్టి ఏర్పాటులో సగటు సామర్థ్యమును గూర్చి మాటలాడుట వ్యర్థము.

అంతకంటె శోచనీయమైన విషయమొకటి గలదు. ప్రైవేటు రంగమునుండి సర్కారు నేర్చుకొన్నది చురుకుదనము కాదు, కూలి కోత. ఒకే కచేరీలో, ఒకే బల్లవద్ద, ఒకే పని చేయు ఇద్దరిలో ఒకడు స్థిరోద్యోగి, రెండవవాడు కాంట్రాక్టు నౌకరు లేక ఔట్‌సోర్సింగు నౌకరు. సమాన పనికి సమాన వేతనము తాత్కాలికులకును వర్తించునని 2016లో సుప్రీంకోర్టు పంజాబు వ్యాజ్యమున తీర్పు చెప్పినది. అయినను 2022 నాటి క్రొత్త స్కేళ్లలో స్థిరోద్యోగి కనీస మూలవేతనము 20,000 రూపాయలు కాగా, పసిబిడ్డలను, బాలింతలను కనిపెట్టుకొనియున్న అంగన్‌వాడీ కార్యకర్తకు గౌరవ వేతనమను పేర 11,500 రూపాయలే దక్కెను. వారు 2023 డిసెంబరులో సమ్మెకు దిగి 42 దినములు నిలిచిరి. వారిపై అత్యవసర సేవల చట్టమును ప్రయోగించిరి. సేవ అత్యవసరమైనప్పుడు వేతనము గౌరవార్థమెట్లగును?

ఇక స్థిరోద్యోగుల ఆందోళన. 2022 జనవరిలో, అప్పటికే పొందుచున్న 27 శాతము మధ్యంతర భృతికి తక్కువగా 23 శాతము ఫిట్‌మెంటు ప్రకటింపబడగా, ఫిబ్రవరి 3వ తేదీన వేలాది ఉద్యోగులు విజయవాడ వీధులు నింపిరి. చేతికి వచ్చినది తగ్గునను వారి బాధ అర్థము కానిది కాదు. కాని ఆ నెల దినముల చర్చలలో ఇంటి అద్దె భత్యము, ఫించను, విరమణ వయస్సు వచ్చినవే గాని, అర్జీదారుని మాట ఇరుపక్షములవారి నోటను వినబడలేదు. జీతమిచ్చు ప్రజ ఆ గదిలో లేదు.

మన ఉద్యోగులు తమ పిల్లలను సర్కారు బడికి పంపరు, తమ రోగములకు సర్కారు ఆసుపత్రికి పోరు. 2015లో అలహాబాదు హైకోర్టు అధికారుల బిడ్డలు సర్కారు బడులలోనే చదువవలెనని ఆజ్ఞాపించినప్పుడు కొందరు నవ్విరి. తాము వండినదానిని తాము తినని వంటవారిని గూర్చి ఊరేమనుకొనునో నవ్వినవారు ఆలోచింపలేదు.

కావలసినదేమి? క్రొత్త చట్టమక్కరలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము నాల్గవ సెక్షను ప్రతి కచేరీయు తన ఉద్యోగుల అధికారములను, విధులను, విధినిర్వహణకు పెట్టుకొన్న ప్రమాణములను, ఒక్కొక్కరి నెలజీతమును ఎవరడుగకున్నను ప్రకటింపవలెనని శాసించినది. ఆ నాలుగును తెలుగులో ఒక బల్లపై వ్రాసి ప్రతి సచివాలయపు గుమ్మమున, ప్రతి కాలువ సెక్షను కచేరీ వద్ద వ్రేలాడదీయుడు. ఆ నెల వచ్చిన అర్జీలెన్ని, గడువులో తేలినవెన్ని, మిగిలినవెన్ని, ఏల మిగిలినవో దాని క్రింద వ్రాయుడు. ఆ లెక్కను గ్రామసభలో చదువుడు. వేతన సంఘములు జీతపు పట్టికతోపాటు ఈ పట్టికను కూడ కోరవలెను. పని ఉన్న చోట్ల ఖాళీలు నింపవలెను. ఒకే పనికి రెండు కులములను తుడిచివేయవలెను. ఉద్యోగ సంఘములు లంచగొండిని తమ సభ్యుడని వెనుకవేసికొని వచ్చుట మాని, తమ గౌరవమునకు శత్రువని వెలివేయవలెను.

మన పాఠకులలో భూస్వాములు, వర్తకులు, వృత్తిపరులు గలరు. వారికిని మేమొక మాట చెప్పవలెను. పని త్వరగా కావలెనని మనము బల్లక్రిందనుండి అందించు నోటు, మన వెనుక వరుసలో నిలిచిన కౌలుదారుని అర్జీని అడుగునకు త్రోయును. ఉద్యోగిని లెక్క అడుగుటకు అర్హత కావలెనన్నచో ఆ నోటును మనము మానవలెను.

ఉద్యోగికి కడుపు నిండ జీతమిండు. ఇచ్చినదానికి నిండైన పనిని, నిజమైన లెక్కను అడుగుడు. ఇచ్చుటకు వెనుదీయు ప్రభుత్వమును, చెప్పుటకు వెనుదీయు ఉద్యోగిని ఒకే గొంతుతో నిలదీయగల ప్రజాభిప్రాయము ఈ డెల్టాలో లేవవలెను. ఆనకట్ట నీటిని ఆపుటకు మాత్రమే కట్టినది కాదు, చివరి పొలమునకు చేర్చుటకు కట్టినది. ప్రజాధనము విషయమునను ధర్మమిదియే.