ఓడపెట్టెలలో కాపురము

సముద్రముపై సరకులు మోయుటకు చేసిన యినుపపెట్టెలో మనుష్యులు కాపురముండుట వినుటకు వింతగానే యుండును. 1956వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన మాల్కం మెక్లీన్ అను అమెరికా వర్తకుడు 58 పెట్టెలను ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడపై నుంచి న్యూవార్కు నుండి హ్యూస్టనునకు పంపెను. నేటి కంటైనరు రవాణాకు అదియే నాంది. కంటైనరు వెడల్పు 8 అడుగులు. పొడవు సాధారణముగా 20 గాని, 40 గాని అడుగులు. పైనున్న పెట్టెల బరువును నాలుగు మూలలనున్న ఉక్కుకంబములు మోయును.

లండను నగరమున థేమ్సు నదీతీరమందు 2001లో ఇట్టి పెట్టెలను అంతస్తులుగా పేర్చి, గోడలకు కిటికీలు కోసి, నివాసములుగా మార్చిరి. అటుపిమ్మట ఆమ్‌స్టర్‌డాములో సుమారు వేయి పెట్టెలు విద్యార్థుల వసతిగృహమయ్యెను.

పెద్ద పెట్టె వైశాల్యమైనను 320 చదరపు అడుగులు మాత్రమే. అందు ప్రవేశింపదలచినవాడు ముందుగా తన సామానును లెక్కించుకొనవలెను. ఈ యిండ్లలో నాకు మిక్కిలి నచ్చిన గుణమిదియే. మా యింటి అటకపై ఇరువది యేండ్లుగా క్రిందికి దిగని బిందెలున్నవి. అవి యెవరికొరకో నాకే తెలియదు!

అయినను పాతపెట్టెతో కట్టినంతమాత్రమున ఇల్లు ప్రకృతికి హితమైనదని నేనంగీకరింపను. ఒక్క ప్రయాణము మాత్రమే చేసిన క్రొత్తపెట్టెను కొని యిల్లు కట్టువారును కలరు. ఇంకను ఏండ్ల తరబడి సరకు మోయగల ఉక్కును కదలకుండ నిలుపుట పొదుపగునా? గోడను కోసినకొలది పెట్టె బలము తగ్గును. మరల ఉక్కుచట్రములు బిగింపవలెను. నేలచెక్కకు పురుగుమందు పట్టించియుండుటయు కలదు. దానిని తొలగింపక పిల్లలను ఆడనిచ్చుట ప్రమాదకరము.

అన్నింటికన్న పెద్దచిక్కు ఎండ. విజయవాడలోనో, రామగుండములోనో వేసవి మధ్యాహ్నము ఉక్కుగోడ పెనమువలె కాలును. లోపల చల్లదనమునకై రేయింబవళ్లు విద్యుత్తు వ్యయము చేసినచో ఆదా చేసినదేమి? శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల చుట్టిండ్లను చూడుడు. మట్టిగోడ, నేలకు వంగిన తాటాకు కప్పు, గాలివానను మెల్లగా ప్రక్కకు జార్చు గుండ్రని ఆకారము! ఆ యింటిని ఏ నౌకయు మోసి తేలేదు; ఊరి మట్టియే గోడయైనది.

ఐనను ఓడరేవు చెంత, ప్రయాణములు చాలించిన పెట్టె దొరికినయెడల, పాఠశాల గ్రంథాలయమునకు దానిని వాడుటకు నేను సమ్మతింతును. అయితే దానిపై మూరెడెత్తున తాటాకు పందిరి వేయవలెను. అప్పుడు ఎండ నేరుగా ఉక్కునకు తగులదు. నడుమ గాలియు ఆడును.