కూరగాయల వ్యర్థాల నుండి ఆదాయం: బోయిన్‌పల్లి మార్కెట్ చెబుతున్న లెక్క
(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో అమ్ముడుపోక మిగిలిన, కుళ్లిన సరుకు ఒకప్పుడు నేరుగా చెత్త లారీలకు ఎక్కేది. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) రూపొందించిన పరిజ్ఞానంతో అక్కడ బయోగ్యాస్ ప్లాంటును నెలకొల్పడం జరిగింది. రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల ఇంధనం లభిస్తాయని అప్పట్లో ప్రకటించారు. ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ 2021 జనవరి 31న ‘మన్ కీ బాత్’లో ఈ మార్కెట్‌ను ప్రస్తావించడంతో దేశం దృష్టి దీనిపై పడినది.

అయితే ఈ రంగంలోకి రాదలచిన పారిశ్రామికవేత్తలు ఒక గుణకారం చేసుకొనవలసి ఉన్నది. యూనిట్ విలువ ఏడు రూపాయలుగా లెక్కించినా 500 యూనిట్లకు వచ్చేది 3,500 రూపాయలు, అనగా టన్ను వ్యర్థానికి 350 రూపాయలు మాత్రమే. కూలీలు, యంత్రాల నిర్వహణ, రుణ వాయిదాలు ఇందులో నుండే చెల్లించడం కష్టసాధ్యం. కావున విద్యుత్తు అమ్మకమొక్కటే వ్యాపారమని భావించరాదు. డంపింగ్ యార్డుకు తరలించే ఖర్చు ఆదా కావడం, క్యాంటీన్‌లో వంటగ్యాస్‌కు బదులు ఈ ఇంధనం వాడుకొనడం, మిగిలిన స్లర్రీని ఎరువుగా అమ్మడం కలిసినప్పుడే లెక్క కుదురుతుంది. తరలింపులో ఆదా అయిన సొమ్ములో కొంత ప్లాంటు నిర్వాహకునికి చెందేలా ఒప్పందం లేనిచో, లాభం ఒకరిది, భారం మరొకరిది కాగలదు.

సాంకేతికంగా అసలు చిక్కు గ్యాస్ తయారీలో కంటే ముడిసరుకులో ఉన్నది. సంచుల తాళ్లు, ప్లాస్టిక్, రాళ్లు కలిసిన చెత్త గ్రైండర్లను పాడుచేస్తుంది. కూరగాయలు త్వరగా పులిసి ఆమ్లాలుగా మారుతాయి. ఒకేసారి అధికంగా వేసినచో సూక్ష్మజీవులు దెబ్బతిని గ్యాస్ నిలిచిపోతుంది. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ఇండోర్ ప్లాంటు రోజుకు 550 టన్నుల సామర్థ్యం కలిగినది. ఇంటి వద్దనే తడి చెత్తను వేరుచేయించిన నగరం కనుకనే అంత పెద్ద ప్లాంటుకు అక్కడ ఆస్కారం కలిగినది.

వ్యర్థం కాకముందే సరుకును ఆదుకొనడం ఇంతకంటే లాభసాటి. ధర పడిపోయిన రోజున రైతులు టమాటాను రోడ్డుపై పారబోయడం మదనపల్లె ప్రాంతానికి కొత్త కాదు. ముక్కలు చేసి ఎండబెట్టే చిన్న యూనిట్లకు అవకాశం ఉన్నది అక్కడే. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం ఇటువంటి యూనిట్లకు గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు 35 శాతం సబ్సిడీ నిర్దేశించినది. చిత్తూరు ప్రాంతపు మామిడి గుజ్జు కర్మాగారాలలో మిగిలే టెంకలదీ అదే కథ. టెంకలోని జీడి నుండి తీసే కొవ్వు, చాక్లెట్ తయారీలో కోకో వెన్నకు తోడుగా యూరోపియన్ సమాఖ్య 2000లో అనుమతించిన ఆరు వృక్ష సంబంధ కొవ్వులలో ఒకటి. టెంకలు బూజు పట్టకముందే సేకరించి ఆరబెట్టడం ఇందులో కీలకం.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయినది. నగర గ్యాస్ సంస్థలు సంపీడన బయోగ్యాస్‌ను 2025-26లో ఒక శాతం, 2028-29 నాటికి ఐదు శాతం కలపాలని కేంద్రం నిర్ణయించినందున కొనుగోలుదారుల కొరత కొంత తీరగలదు. వేరుచేసిన చెత్తను రోజూ నిర్ణీత పరిమాణంలో అందించే బాధ్యతను మాత్రం మార్కెట్ కమిటీలు, పురపాలక సంఘాలు టెండరు పత్రంలోనే స్పష్టంగా స్వీకరించవలసి ఉన్నది.