జైలు జోకులు చాలు, బయటికొచ్చినోని కత తీయండి

తెలుగు సినిమాల జైలు ఎట్లుంటదో మనందరికీ ఎరుకే. తెల్లబట్టలు, గుండె మీద నంబరు, చిప్పకూడు మీద రెండు జోకులు. ఆఖరికి గేటు తెరుచుకుంటది. దోస్తులు కారు పట్టుకొని నిలబడుంటరు. పాట మొదలైతది. జైలు ముచ్చట అక్కడికి ఒడిసిపోతది.

అసలు కత అక్కడ్నే మొదలైతదని నేనంటున్న. గేటు దాటినోడు బస్సెట్ల ఎక్కిండు, ఇంట్ల ఎట్ల మెసిలిండు, పని ఎవలిచ్చిండ్రు? దీని మీద మనదైన ఒక మంచి కామెడీ సినిమా రావాలె.

"జైలుకు పోయొచ్చినోని మీద నవ్వుడేంది?" అని కొందరికి కోపం రావచ్చు. నవ్వుడు తప్పు కాదు మిత్రులారా. ఎవల మీద నవ్వుతున్నం అన్నదే లెక్క.

'జాతి రత్నాలు' గుర్తు చేసుకోండి. 2021 మార్చి 11న వచ్చింది. జోగిపేట నుంచి హైదరాబాద్ పోయిన ముగ్గురు పోరగాళ్లు ఎమ్మెల్యే మీద హత్యాయత్నం కేసుల ఇరుక్కుంటరు. కోర్టు సీనుకు మనం కూడ కడుపు పట్టుకొని నవ్వినం. ఎందుకు నవ్వగలిగినం? వాళ్లు క్షేమంగ ఇంటికి పోతరని మనకు ముందే ధైర్యం ఉన్నది కాబట్టి. వాళ్లకు జమానతు ఇచ్చింది సినిమానే.

అదే ఏడాది నవంబర్ 2న 'జై భీమ్' వచ్చింది. దాని మొదటి సీనే జైలు గేటు ముందట. విడుదలై వస్తున్నోళ్లను ఒక్కొక్కల్ని ఆపి కులం అడుగుతరు. కొన్ని కులాలోళ్లను ఇంటికి పంపుతరు. ఇరులర్ల వంటోళ్లను పక్కకు నిలబెట్టి, కొత్త కేసులు మోపేటందుకు కాసుకొని ఉన్న పోలీసులకు అప్పజెప్తరు. ఎనిమిది నెలల తేడాతోని వచ్చిన రెండు సినిమాలు. ఒకదాంట్ల జైలు ఆటవిడుపు. ఇంకోదాంట్ల జైలుకు బయట అన్నదే లేదు.

ఈ రెండో జైలు మీద కామెడీ తీయొచ్చునా? తీయొచ్చు. చార్లీ చాప్లిన్ 1936లనే 'మోడరన్ టైమ్స్' తీసి చూపిచ్చిండు. లారీ మీద నుంచి జారిపడ్డ జెండాను తీసి ఊపుకుంట పిలుస్తడు, ఎనుక నుంచి కార్మికుల ఊరేగింపు వస్తది, ఇతనే నాయకుడని పోలీసులు లోపలేస్తరు. కొన్నాళ్లకు విడుదల చేస్తమంటే ఇంకొన్ని రోజులు ఉంటనని బతిమాలుతడు. ఎందుకంటే బయట పని లేదు, బువ్వ లేదు. బయటికొచ్చి, దొరికిన కొలువు పోగొట్టుకొని, మళ్ల జైలుకు పోవుడెట్ల అని తిప్పలు పడ్తడు. జనం పడీపడీ నవ్విండ్రు. కాని నవ్వు ఆ బక్కమనిషి మీదికి పోలేదు. మనిషికి జైలే నయమనిపిచ్చిన లోకం మీదికి పోయింది.

జెండా పట్టుకుంటే జైలు అనేది మన దిక్కు కొత్త ముచ్చట కాదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర నడిచింది. అదే ఏడాది అక్టోబర్‌ల సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించిండ్రు. కేసులు, జైళ్లు, వాయిదాలు చూసిన ఇండ్లు ఈ పల్లెల్ల ఎన్నో ఉన్నయి. ఆ తర్వాత గల్ఫ్ తొవ్వ పట్టినంక ఎడారి జైళ్లు కూడ మన బతుకుల్లకొచ్చినయి.

సిరిసిల్ల జిల్లాకు చెందిన అయిదుగురు కూలీలు దుబాయి జైల్ల దాదాపు 18 ఏండ్లు ఉండి 2024 ఫిబ్రవరి నాటికి ఇండ్లకు చేరిండ్రు. ఒక నేపాలీ మనిషి చనిపోయిన కేసు అది. సిరిసిల్ల ఎమ్మెల్యేగ కేటీఆర్ 2011ల నేపాల్ పోయి ఆ కుటుంబానికి 15 లక్షల పరిహారం ఇచ్చి క్షమాపణ పత్రం తెచ్చినా, విడుదలకు మళ్ల ఏండ్లు పట్టింది. ఎయిర్‌పోర్టుల కండ్లనీళ్లు టీవీలల్ల చూసినం. రెండు రోజులకు కెమెరాలు ఎల్లిపోయినయి. మూడో రోజు నుంచి ఏమైంది? ఎవలికీ పట్టలేదు.

వాళ్ల పేర్లు, వాళ్ల ఇండ్లు వాళ్లవే. మనం ఒక కల్పిత పాత్రను అనుకుందాం. అతను ఎల్లిపోయిన నాడు ఊరు ఆంధ్రప్రదేశ్ కరీంనగర్ జిల్లాల ఉన్నది. తిరిగొచ్చే నాటికి రాష్ట్రం తెలంగాణ, జిల్లా రాజన్న సిరిసిల్ల. ఊరు కదల్లేదు, అడ్రస్ మాత్రం మొత్తం మారింది. పెట్టె అడుగున దాచుకున్న వెయ్యి నోటు 2016 నవంబర్‌లనే సచ్చిపోయింది. ఛాయ్ కొట్టుకాడ ఫోన్ సూపెట్టి పైసలు కడ్తుంటే బీరిపోయి చూస్తడు. ఆధార్ కార్డు మొదలైంది 2010ల, అప్పుడు ఇతను లోపలున్నడు. సిమ్ కావాలంటే ఆధార్ తెమ్మంటరు, ఆధార్‌కు పోతే ఫోన్ నంబర్ చెప్పమంటరు. కోరుట్ల బస్టాండ్ల భార్యాభర్తలు బస్సెక్కుతరు. కండక్టర్ ఆమెకు జీరో టికెట్ కొడ్తడు, ఇతన్ని పైసలు తీయమంటడు. ఇంటికొచ్చి "ఇంటి పెద్దను నేను" అంటడు. రేషన్ కార్డు తీసి చూస్తే ఇంటి పెద్ద పేరు భార్యది! 2013 ఆహార భద్రతా చట్టమే అట్ల రాసింది. అన్నేండ్లు బీడీలు చుట్టి పిల్లలను సాది, పెండ్లిళ్లు చేసింది ఆమెనే. కార్డు తప్పు చెప్తలేదు.

ఇండ్ల నవ్వు లేదా? కడుపునిండ ఉన్నది. కాని నవ్వు ఎవల మీద? కాయితం ఉంటెనే మనిషిని మనిషనే ఆఫీసుల మీద, "జైలుకు పోయొచ్చినోడు" అని పేరువెట్టి పిల్లనియ్యని ఊరి మీద. సచ్చిపోయినోని ఇంటి బాధ కూడ ఆ సినిమాల ఉండాలె. దాన్ని దాచి నవ్విస్తే అది అబద్ధం. కాని శిక్ష పూర్తయినోనికి మళ్ల శిక్ష వేసే హక్కు ఊరికి ఎవలిచ్చిండ్రు?

ఇది మన ఆదివాసీ బిడ్డలకు ఇంకెక్కువ తెలుసు. 1871ల బ్రిటిషోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కొన్ని తెగలను పుట్టుకతోనే దొంగలన్నరు. ఎరుకలోళ్లను సెటిల్‌మెంట్లల్ల పెట్టి, హాజరు పలికిచ్చి బతకమన్నరు. స్టువర్టుపురం అట్ల ఏర్పడ్డదే. 1952ల ఆ చట్టం పోయింది, మచ్చ పోలేదు. ఖైదీల రిజిస్టర్లల్ల కులం కాలమ్ తీసేయుమని సుప్రీంకోర్టు చెప్పింది ఎప్పుడో తెలుసా? 2024 అక్టోబర్ 3న! స్వతంత్రం వచ్చిన 77 ఏండ్లకు. జైలు ముఖం చూడకముందే నేరస్తుడైనోనికి, జైలు నుంచి వచ్చినంక దొరికే స్వేచ్ఛ ఎంత?

అడవి కేసు పడ్డ పోరగాన్ని తీసుకోండి. పట్టా లేని పోడు చూపిస్తే జమానతుకు ఎవలొప్పుకుంటరు? బెయిల్ వచ్చినా జమానతు దొరకక లోపలనే ఉంటడు. బయటికొచ్చినంక నెలనెలా వాయిదాలు, ప్రతి వాయిదాకు ఒక రోజు కూలి పోవుడు. సర్కారు కొలువొస్తే ఫారంల ఒక ప్రశ్న: మిమ్మల్ని ఎప్పుడన్న అరెస్టు చేసిండ్రా? కేసు కొట్టేసినా "అవును" అని రాయాలె. రాస్తే అనుమానం, రాయకుంటే దాచినందుకు ఉద్యోగమే పోవచ్చు. ఇంతకన్న పెద్ద కామెడీ ఏ రైటర్ రాయగలడు?

తెలంగాణ యాస పెట్టి, ఖైదీ బట్టలు తొడిగి, అమాయకుడని నవ్విచ్చేటోళ్లకు ఒకటే మాట. మా యాస మీకు జోకైతే, మా కేసులు కూడ మీకు జోకే అయితయి. ఈ కత మీ కోసం ఆగదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి 2023ల 'బలగం' తీసి చూపెట్టిండు. సావు ఇంట్ల నవ్వు పుట్టిచ్చిండు, ఆ నవ్వుల నుంచే ఊర్లకు ఊర్లను ఏడిపిచ్చిండు. పల్లె మనుషులను ఎక్కడా చిన్నగ చేయలేదు. జైలు గేటు ముందట కూడ అట్లాంటి నవ్వు పుట్టియ్యొచ్చు. మీ చేతిల ఫోన్ ఉన్నది, మీ నోట్ల భాష ఉన్నది. గూడెంల జైలుకు పోయొచ్చిన పెద్దమనిషి పక్కన కూసోండి. ఆయన ఒప్పుకుంటెనే అడుగుండ్రి, చెప్పినంతనే రాయుండ్రి. పది నిమిషాల చిన్న సినిమా అయినా సరే.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. గేటు తెరుచుకున్నప్పుడు పాట పెట్టకుండ్రి. కెమెరాను అతని ఎనుక బస్సెక్కించుండ్రి.