కొండకు డబ్బాలు చాలంటారా?

ఫ్యాక్టరీలో చేసి, లారీలో తెచ్చి, వారాల్లో బిగించే ప్రీఫ్యాబ్ ఇల్లే రేపటి నిర్మాణరంగమంటున్నారు. నేనూ కాదనను. 2021 జనవరి 1న కేంద్రం ఆరు నగరాల్లో లైట్ హౌస్ ఇళ్ల ప్రాజెక్టులకు శంకుస్థాపన చేసింది. చెన్నైకి ప్రీకాస్ట్ కాంక్రీటు, ఇండోర్‌కు శాండ్‌విచ్ ప్యానెళ్లు, అగర్తలాకు తేలికపాటి ఉక్కు చట్రాలు. అన్నీ పక్కా భవనాలే. అదే పద్ధతి అడవి ఊళ్లకు వచ్చేసరికి కంటెయినర్ డబ్బాగా మారిపోతుంది. ఈ వివక్షను నేను ఒప్పుకోను.

2024లో తెలంగాణలోని ములుగు జిల్లా బంగారుపల్లిలో కంటెయినర్ బడి తెరిచారు. గుడిసెలో చదివిన పిల్లలకు అది మేలే. కానీ డబ్బా ఎందుకు? అడవిలో పక్కా భవనం కట్టడానికి అనుమతి రాలేదట! 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ఏం చెబుతోంది? బడికైనా, ఆసుపత్రికైనా, అంగన్‌వాడీకైనా హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. గిరిజనుడికి చట్టం ఇచ్చిన హక్కును ఫైళ్లలో తొక్కిపెట్టి, చేతిలో డబ్బా పెడితే చప్పట్లు కొట్టాలా?

ఏమీ లేనిదానికన్నా నయం కదా అంటారు. నగరంలో ఏ తల్లినైనా ఈ మాటతో సరిపెట్టగలరా? తాత్కాలికమంటే ఎన్నాళ్లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌ను అడగండి. అక్కడ వెదురు పోర్టా క్యాబిన్లు ఏళ్ల తరబడి హాస్టల్ బడులుగా నడిచాయి. 2024 మార్చిలో బీజాపూర్ జిల్లాలో ఒకదానికి రాత్రివేళ నిప్పంటుకుని ఓ చిన్నారి ప్రాణం పోయింది. తాత్కాలికం అన్న మాటకు గడువు రాయకపోతే, దాని ధర పిల్లలు కడతారు.

పాడేరు ఏజెన్సీలోని మన జి.మాడుగులకు ఆ గతి పట్టకూడదు. చలికాలంలో ఇక్కడ ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి జారుతుంది. ఉత్త రేకు గోడ పగలు కాలుతుంది, రాత్రి వణికిస్తుంది, తెల్లారేసరికి లోపల చెమ్మ కారుతుంది. పోనీ కాంక్రీటు పలకలు తెద్దామా? మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు, పదిహేను సెంటీమీటర్ల మందమున్న ఒక్క పలక మూడు టన్నులు దాటుతుంది. రోగిని డోలీలో మోసే దారిలో దాన్ని ఎవరు మోస్తారు?

కాబట్టి కొండకు తగిన ప్రీఫ్యాబ్ వేరు. ఇద్దరు మనుషులు భుజాన ఎత్తుకోగల ఉక్కు చట్రం ముక్కలు, వేడినీ చలినీ ఆపే పైకప్పు పలకలు ఫ్యాక్టరీ నుంచి రానివ్వండి. పునాదీ గోడలూ ఊరి రాయితో, ఊరి మట్టితో, ఊరి తాపీమేస్త్రి చేత్తో లేవాలి. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ గిరిజన పథకం కింద, అతి బలహీన సమూహాలుగా గుర్తించిన కోదు, పోర్జ, గదబ కుటుంబాలకు ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డి సాయంతో కలిపి ఇంటికి 2.39 లక్షల రూపాయలు ఖరారు చేశారు. ఇల్లంతా పట్నంలోనే తయారైతే ఆ కూలి పట్నం దాటి కొండెక్కదు.

పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఏ ఊరికి ఏ నమూనా తెచ్చినా ముందు గ్రామసభలో పెట్టాలి. ఎన్నేళ్లు నిలుస్తుందో, చెడితే ఎవరు బాగుచేస్తారో, బిగించడం ఊళ్లో ఎంతమందికి నేర్పుతారో కాగితం మీద రాసివ్వాలి. గ్రామసభల్లో కూర్చునే అన్నలారా, అక్కలారా! ఆ కాగితం చేతికి రానిదే తీర్మానం మీద సంతకం పెట్టకండి, వేలిముద్ర వేయకండి.