తలిదండ్రుల తరువాత ఇల్లు ఏది?

నేత పని ఇంటిలోనే సాగినంత కాలము ఈ చిక్కు మనకు అంతగా కనబడలేదు. బుద్ధివికాసము తక్కువైన కొడుకుగాని, మనోవ్యాధితో నలిగిన ఆడపడుచుగాని ఉన్న ఇంట వారికొక చోటు, చేతనైనంత పని ఉండెడివి. కండెలు చుట్టెడివారు, చిలపల చిక్కు విప్పెడివారు. నాయనమ్మయో మేనత్తయో కనిపెట్టి యుండెడిది. నేడు షోలాపూరులో గాని, భివండిలో గాని, సేలములో గాని అట్టి ఇండ్లు అరుదు. మరమగ్గములు వచ్చి పని కార్ఖానాకు పోయినది. పిల్లలు పూనాకో బెంగుళూరుకో పోయిరి. రెండు గదుల ఇంటిలో 70 ఏండ్ల తల్లి, 40 ఏండ్ల కొడుకు మిగిలిరి. "నా తరువాత వీనికి ఎవరు?" అని ఆ తల్లి అడుగుచున్నది.

దీనికి మన సంఘములలో తరచుగా వినవచ్చు జవాబు ఒకటి కలదు: ఊరి వెలుపల స్థలము కొని, ఒక పెద్ద ఆశ్రమము కట్టింతమని. ఉద్దేశము మంచిదే, దాతల పేర్లు చలువరాతిపై చెక్కించుటకును అనుకూలము. కాని మా అభిప్రాయము వేరు. మనకు కావలసినది ఊరి వెలుపలి ఆశ్రమము కాదు, మన వీధిలోనే ఒక మామూలు ఇల్లు.

అట్టి ఇంటిలో నలుగురైదుగురు కలసి ఉందురు. వంటగది, వాకిలి అందరివి. మంచము, బీరువా ఎవరివి వారివి. తోడుగా జీతముపై సహాయకులు ఉందురు. ఒకరికి మందు వేళకు గుర్తుచేసిన చాలును. ఒకరికి స్నానమునకు చేయి కావలెను. మరియొకరికి బజారులో చిల్లర లెక్కపెట్టుటకు మాత్రమే తోడు కావలెను. ఎవరికెంత అవసరమో అంత సాయమే చేయుట ఈ పద్ధతి.

చిన్న ఇల్లయినంత మాత్రమున అది ఇల్లు కాదు. మూడు ప్రశ్నలు అడిగి చూడుడు. వీధి తలుపు తాళపుచెవి ఎవరి వద్ద నున్నది? నేటి కూర ఏదో ఎవరు చెప్పిరి? చుట్టము వచ్చినచో ఎవరి అనుమతి కావలెను? మూడింటికిని "మేనేజరు" అనియే జవాబు వచ్చినచో, ఉన్నది నలుగురే యైనను అదియు ఆశ్రమమే.

ఇది గాలిమాట కాదు. 1993లో మదరాసున ఆరంభమైన బానియన్ సంస్థ, 2015 నుండి "హోమ్ అగైన్" అను పేర దీనిని ఆచరణలో పెట్టినది. ఏండ్ల తరబడి ఆసుపత్రులలో ఉండిపోయిన స్త్రీలు, సామాన్యుల వీధులలో అద్దె ఇండ్లు తీసికొని, నలుగురైదుగురు చొప్పున సహాయకుల తోడుతో కాపురముండుట అక్కడ చూడవచ్చును. అదే తమిళనాడులో, రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టివేయబడిన 28 మంది మనోరోగులు మంటలలో మరణించిరి. వారిని అక్కడ విడిచినవారిలో తప్పించుకొను దారి లేని నిరుపేదలు ఎందరో! కనుమరుగైన చోట ఏమి జరుగునో చూచువారు ఉండరు. మన వీధిలోనైన, కేక వినబడును.

చట్టము కూడ ఈ వైపుననే ఉన్నది. వికలాంగులకు సమాజములో బ్రదుకు హక్కు గలదని 2016 నాటి చట్టము చెప్పుచున్నది. కుటుంబము చేరదీయలేదను కారణమున ఎవరిని గాని మానసిక చికిత్సాలయములో ఉంచివేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము శాసించినది. ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గలవారికి 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద, జిల్లా కలెక్టరు ఉండు స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుని నియమింపించుకొనవచ్చును. నిరామయ బీమా క్రింద వైద్యమునకు ఏటా 1 లక్ష రూపాయల వరకు సహాయము కలదు. మనవారిలో ఎందరు ఈ దరఖాస్తులు పెట్టిరి?

పెట్టకపోవుటకు ఒక కారణము సిగ్గు. చెల్లెలి సంబంధము చెడునని అన్నను లోపలి గదిలో దాచుదురు. దాచినందున రోగము పోదు. సాయము మాత్రము పోవును. రెండవది ఖర్చు. నిజమే, ఇట్టి ఇంటికి ఖర్చు గలదు. అందులో పెద్దది సహాయకుల జీతము. జీతము చాలక సహాయకులు నెలకొకరు మారినచో ఆ ఇల్లు నిలువదు. విరాళము ఒకసారి వచ్చును, జీతము నెలనెల ఇయ్యవలెను. కావున మనము కట్టడపు నిధికి కాక, నెలసరి నిధికి చందాలు వసూలు చేయవలెను. కుటుంబములు తమ శక్తికొలది ఇచ్చిన తరువాత, తక్కువైనది సంఘము పూరింపవలెను.

సంఘము చేయదగిన పనులు మరి కొన్ని గలవు. ఇట్టివారికి ఇల్లు అద్దెకిచ్చుటకు జంకు యజమానికి పెద్దలు పూచీ ఉండవలెను. చేతనైనవారికి తువ్వాళ్ళ దారములు కత్తిరించుట, మడతపెట్టుట వంటి పనులు, కూలి ఇచ్చియే, చూపవలెను. ఆ ఇంటి లెక్కలు, స్థితి చూచుటకు ముందు చెప్పక పోవు ఇద్దరు సభ్యులను, వారిలో ఒక స్త్రీని, నియమింపవలెను.

తలిదండ్రులకు మా మనవి: మీరుండగానే ఆరంభింపుడు. నెలకు రెండు రాత్రులు, పిదప వారము, అట్లు అలవాటు కావలెను. తల్లి పోయిన మరునాడే కొత్త ఇంటికి పంపిన, ఆ బిడ్డ రెండు దుఃఖములను ఒక్కసారి మోయవలసివచ్చును.

ప్రతి శాఖయు వచ్చే సభకు ముందే తన ప్రాంతములో ఇట్టి కుటుంబములు ఎన్ని గలవో, వారి సమ్మతితో, తెలిసికొనవలెను. ఏ ఒక్క ఊరిలోనైనను నలుగురు దొరికినచో, ఒక అద్దె ఇల్లు చూచుటకు అది చాలును.